వంచితే మారింది సరే, స్ట్రెయిన్ వల్లే మారిందని ఎవరు చెప్పారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. 125 మైక్రాన్ల కాప్టన్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) షీటు మీద ఎలక్ట్రాన్ బీమ్‌తో 30 నానోమీటర్ల నికెల్ వేశారు. 25 మిల్లీమీటర్ల పీవీసీ కరెంటు పైపు ముక్కలు కోసి, ఫిల్మ్‌ని వాటికి బయటివైపు ఒకసారి, లోపలివైపు ఒకసారి డబుల్ టేపుతో అంటించి, వీఎస్‌ఎంలో (అయస్కాంతత్వం కొలిచే మెషీన్) అయస్కాంత ఫీల్డుని వంపు దిశలోనే పెట్టి లూప్‌లు, అంటే ఫీల్డు మారుతుంటే ఫిల్మ్ అయస్కాంతత్వం ఎలా మారుతుందో చూపే గ్రాఫులు, తీశారు. రెండు వైపులా లూప్ వాలిపోయింది, రెండు వైపులా కోయర్సివిటీ (అయస్కాంతత్వాన్ని తిరగేయడానికి కావాల్సిన ఫీల్డు) పెరిగింది. పైపు మీంచి తీసి చదును చేస్తే మొదటి లూప్ తిరిగి రాలేదు. రెండు వారాలాగి వానల్లో మళ్ళీ తీస్తే అదే ముక్క ఇంకో రకంగా కనిపించింది. గైడు గారేమో "స్ట్రెయిన్ ఎఫెక్ట్ అని రాసెయ్" అన్నారు. మీకు మనసొప్పలేదు.

ఒప్పకపోవడమే మంచిదైంది. మీ డేటాలో స్ట్రెయిన్ (ఫిల్మ్ సాగడం, నలగడం) ఉంది, కానీ దాంతో పాటు ఇంకో మూడు నాలుగు సంగతులు కలగాపులగంగా ఉన్నాయి, వాటిలో ఒకటి స్ట్రెయిన్ కంటే పెద్దదై ఉండొచ్చు. వంపు వేరు, స్ట్రెయిన్ వేరు. ఈ రెండిటినీ విడదీయకుండా ఎన్ని లూప్‌లు తీసినా లాభం లేదు.

ముందు స్ట్రెయిన్ లెక్క చూద్దాం, ఎందుకంటే అక్కడే ఒక పొరపాటు కనిపిస్తోంది. మీరు 0.25 శాతం అని రాశారు. షీటు మందాన్ని పైపు వ్యాసంతో భాగించి, మళ్ళీ రెండుతో భాగించినట్టున్నారు. సూత్రంలో కావాల్సింది వ్యాసార్థం. మందం 125 మైక్రాన్లు, వ్యాసార్థం పన్నెండున్నర మిల్లీమీటర్లు, అంటే 125ని రెండింతల 12,500తో భాగించాలి, 0.5 శాతం వస్తుంది. మీరు అనుకున్నదానికి సరిగ్గా రెట్టింపు. పైగా ఆ పన్నెండున్నర బయటివైపుకే. లోపలివైపు అంటించినప్పుడు పైపు గోడ మందం తీసేస్తే వ్యాసార్థం ఇంకా చిన్నది, కాబట్టి లోపల స్ట్రెయిన్ బయటికంటే ఎక్కువ. గోడ మందం పైపు పైపుకీ మారుతుంది, షాపువాడు చెప్పింది నమ్మకుండా వెర్నియర్ పెట్టి కొలవండి.

ఈ సూత్రం ఎందుకలా ఉందో మనవైపు పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొబ్బరి ఈనెని వేలికి చుట్టచ్చు, అదే చెట్టు మట్టని మోకాలి మీద పెట్టి వంచబోతే ఫట్‌మంటుంది. వంపు ఒకటే అయినా మందంగా ఉన్నదాని వీపు ఎక్కువ సాగాలి, కడుపు ఎక్కువ నలగాలి. మీ నికెల్ పొర ఆ వీపు మీద అతికించిన 30 నానోమీటర్ల చర్మం లాంటిది. తనకంటూ సొంత వంపు స్ట్రెయిన్ ఏమీ లేదు, షీటు ఎంత సాగితే అంతే. బయటివైపు ఉంటే సాగుతుంది, లోపలివైపు ఉంటే నొక్కుకుంటుంది. (కాప్టన్ మెత్తన, నికెల్ గట్టి, అందుకని అసలు స్ట్రెయిన్ ఈ లెక్కకంటే కాస్త తక్కువ. మీ షీటుకి రెండు శాతం తేడా, 50 మైక్రాన్ల షీటైతే ఐదు శాతం దాకా. ప్రస్తుతానికి వదిలేయొచ్చు.)

ఇప్పుడు అయస్కాంతం సంగతి. మా ఇంటి వెనక రొయ్యల చెరువు గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, రాత్రి ఏరేటర్లన్నీ వేస్తే గుయ్యిమని ఒకటే మోత. ఆ మోతలో ఎక్కువ భాగం ఈ విషయమే. కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది, లోపలి ఉక్కు రేకులు అయస్కాంతమైన ప్రతిసారీ వెంట్రుకవాసి కంటే ఎంతో తక్కువగా పొడుగు మారతాయి. ఉత్తరం అటున్నా ఇటున్నా మార్పు ఒకటే కాబట్టి ఒక్కో చుట్టుకి రెండుసార్లు, అంటే మనకి వినబడేది 100 హెర్ట్జ్. జూల్ 1842లో ఇనుములో చూసింది ఇదే, దీన్నే మాగ్నెటోస్ట్రిక్షన్ అంటున్నాం. దాన్ని తిరగేసి, లోహాన్ని లాగితే దాని అయస్కాంత గుణం మారుతుందని విల్లారి 1865లో చూపించాడు. మీరు పైపు మీద చేస్తున్నది విల్లారి పని. ఉత్తరం దక్షిణం తేడా లేదన్నది గుర్తుంచుకోండి. స్ట్రెయిన్ ఒక అక్షాన్ని ఇష్టపడేలా చేయగలదు గానీ, ఆ అక్షంలో ఏ కొస వైపు చూడాలో చెప్పలేదు. వంచితే లూప్ ఒక పక్కకి జరిగిందని ఎవరైనా చూపిస్తే, ఆ ఫిల్మ్‌లో ఎక్స్ఛేంజ్ బయాస్ (పక్క పొర లూప్‌ని ఒక వైపుకి నెట్టడం) లాంటిది ఇంకేదో ఉందన్నమాట, లేదా వాళ్ళ మెషీన్ జీరో సరిగ్గా లేదన్నమాట.

నికెల్‌కి ఈ గుణం ఉల్టా. లాంబ్డా (పూర్తిగా అయస్కాంతమైనప్పుడు ఆ దిశలో పొడుగు ఎంత మారుతుందో చెప్పే అంకె) మైనస్ 34 పీపీఎం (పది లక్షల్లో 34 వంతులు) చుట్టుపక్కల, మైనస్ కాబట్టి పొట్టిదవుతుంది. అంటే లాగిన దిశ నికెల్‌కి నచ్చదు, నొక్కిన దిశ నచ్చుతుంది. ఫిల్మ్ బయటివైపు ఉంటే చుట్టు దిశలో సాగుతుంది, కాబట్టి ఈజీ యాక్సిస్ (అయస్కాంతత్వం సులువుగా నిలిచే దిశ) పైపు పొడుగు దిశకి తిరగాలి. లోపలివైపు ఉంటే చుట్టు దిశలో నలుగుతుంది, కాబట్టి ఈజీ యాక్సిస్ చుట్టు దిశలోనే ఉండాలి. మీరు ఫీల్డు పెట్టింది చుట్టు దిశలో. కాబట్టి స్ట్రెయిన్ ఒక్కటే పని చేస్తుంటే బయటివైపు లూప్ వాలాలి, లోపలివైపు లూప్ నిలబడి చతురస్రంలా అవ్వాలి. మీకు రెండూ వాలాయి. లోపలిది కాస్త తక్కువ వాలిందని మీరే రాశారు, స్ట్రెయిన్ జాడ ఆ "కాస్త తక్కువ"లోనే ఉంది. మిగతాదంతా వేరే.

ఆ వేరేది ఏంటంటే, వంపు ఆకారం. పాత గూనపెంకుటింటి మీద మిట్టమధ్యాహ్నం ఎండ తలుచుకోండి. పెంకు వీపు మీద నిటారుగా పడుతుంది, అంచుల దగ్గర ఏటవాలుగా జారుతుంది. సూర్యుడొక్కడే, ఎండ ఒక్కటే, పెంకు తిరిగిపోయింది. మీ ముక్క కూడా అంతే. వీఎస్‌ఎం ఫీల్డు గీత గీసినట్టు నేరుగా పోతుంది, ఫిల్మ్ మాత్రం దాని కింద వంగిపోతోంది. మధ్యలో ఫీల్డు ఫిల్మ్ తలంలోనే ఉంటుంది, కొసలకి వెళ్ళేసరికి తలాన్ని గుచ్చుకుంటూ ఉంటుంది. పల్చటి ఫిల్మ్‌లో మాగ్నెటైజేషన్ తలం విడిచి పైకి లేవడానికి అస్సలు ఇష్టపడదు, నికెల్‌కి అలా లేపాలంటే 0.6 టెస్లా దాకా కావాలి. కాబట్టి తక్కువ ఫీల్డుల్లో అది వంపుతో పాటే వంగి కూర్చుంటుంది.

ఎంత తేడా వస్తుందో వేసి చూద్దాం. మీరు ముక్క పొడుగు 12 మిల్లీమీటర్లు అన్నారు, వ్యాసార్థం 12.5 అనుకుందాం. మధ్య నుంచి కొసకి కోణం దాదాపు 27.5 డిగ్రీలు. రెమనెన్స్‌లో (ఫీల్డు తీసేశాక మిగిలే అయస్కాంతత్వం) నాలుగు శాతం ఊరికే పోతుంది, ఎందుకంటే కొసల్లోని మాగ్నెటైజేషన్ మీ కొలత దిశలో పూర్తిగా లేదు. కొసలు తిరగబడాలంటే ఫీల్డు దాదాపు 13 శాతం ఎక్కువ కావాలి, ఎందుకంటే వాటికి అందేది ఫీల్డులో కొంత భాగమే. మధ్య ముందు తిరుగుతుంది, కొసలు తర్వాత తిరుగుతాయి, లూప్ అంచు వాలుతుంది, కోయర్సివిటీ కాస్త పెరిగినట్టు కనిపిస్తుంది. పైగా కొసల్ని పూర్తిగా సాచురేట్ చేయాలంటే (ఇక పెరగనంతగా అయస్కాంతం చేయాలంటే) చాలా పెద్ద ఫీల్డు కావాలి. మీరు 2 కిలో ఓర్‌స్టెడ్ (0.2 టెస్లా) దగ్గరే ఆపేశారు కాబట్టి మీ సాచురేషనే సాచురేషన్ కాదు, దాంతో భాగించి వేసిన రెమనెన్స్ నిష్పత్తి కూడా తప్పే. అదే ముక్కని 5 మిల్లీమీటర్ల వ్యాసార్థం మీద చుట్టి ఉంటే కోణం 69 డిగ్రీలయ్యేది. అప్పుడొచ్చే లూప్‌ని చూసి ఎవరైనా ఏ సిద్ధాంతమైనా చెప్పొచ్చు.

ఇందులో నేనే ఒకసారి పరువు పోగొట్టుకున్నాను. హైదరాబాద్‌లో ల్యాబ్‌లో చేరిన కొత్తలో పెట్ (సీసాల ప్లాస్టిక్) షీటు మీద పర్మలాయ్ (నికెల్, ఇనుము కలిపిన లోహం) వేసి, సన్న ఇత్తడి కడ్డీలకి చుట్టి, "వంపు పెరిగేకొద్దీ కోయర్సివిటీ పెరుగుతోంది, మాగ్నెటోఎలాస్టిక్ ప్రభావం" అని సెమినార్‌లో గొప్పగా చూపించాను. వెనక వరసలో ఒక పెద్దాయన చెయ్యెత్తి, "బాబూ, పర్మలాయ్‌కి లాంబ్డా దాదాపు సున్నా కదా, మరి దేనివల్ల పెరిగింది?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేస్తే సగానికి పైగా ఆకారం వల్లే. ఆయన మాట కూడా పూర్తిగా నిజం కాదని తర్వాత తెలిసింది లెండి, లాంబ్డా ఒక్క పీపీఎం ఉన్నా 500 మెగాపాస్కల్ స్ట్రెస్ (లాగుడు బలం) కింద రెండు మిల్లీటెస్లా దాకా అనిసోట్రపీ (ఒక దిశని ఇష్టపడే గుణం) వస్తుంది, పర్మలాయ్ సొంత అనిసోట్రపీ కంటే అదే పెద్దది. కానీ అది ఆ రోజు నాకు తెలియదు కదా.

సరే, విడదీయడం ఎలా?

మొదటి మార్గం అన్నిటికంటే సులువు, డబ్బు ఖర్చు లేదు. ఫీల్డుని చుట్టు దిశలో కాకుండా పైపు పొడుగు దిశలో పెట్టండి. గూనపెంకు ఎంత వంగినా పొడుగు దిశలో గీత తిన్నగానే ఉంటుంది. ఆ దిశలో ఫీల్డు ఫిల్మ్ ప్రతి చోటా తలంలోనే ఉంటుంది, ఆకారం గొడవ చాలావరకు మాయం. స్ట్రెయిన్ మాత్రం అలాగే ఉంటుంది. ఫిల్మ్ బయటివైపు ఉంటే ఈ దిశ నికెల్‌కి ఈజీ, లూప్ నిటారుగా రావాలి. లోపలివైపు ఉంటే ఈ దిశ హార్డ్, లూప్ తాడు లాగినట్టు వాలుగా రావాలి, ఆ వాలు ఎక్కడ సాచురేషన్‌ని తాకుతుందో అదే అనిసోట్రపీ ఫీల్డు. నా మాట విని ముందు ఇదొక్కటీ చేయండి. ఫిల్మ్ లోపల, ఫీల్డు పొడుగునా.

ఇప్పుడు ఎంత రావాలో కూడా చెబుతాను, మీ దగ్గర పోల్చుకోవడానికి ఉండాలి కదా. అనిసోట్రపీ ఫీల్డు అంటే మూడింతల లాంబ్డాని స్ట్రెస్‌తో గుణించి సాచురేషన్ మాగ్నెటైజేషన్‌తో భాగించడం. నికెల్‌కి యంగ్స్ మాడ్యులస్ (లోహం ఎంత గట్టిదో చెప్పే అంకె) 200 గిగాపాస్కల్, మాగ్నెటైజేషన్ మీటరుకి 4.9 లక్షల ఆంపియర్లు అనుకుంటే, ప్రతి 0.1 శాతం స్ట్రెయిన్‌కి సుమారు 42 మిల్లీటెస్లా, పాత లెక్కలో 420 ఓర్‌స్టెడ్.

ఇక్కడ చాలామంది తప్పిపోయే మెలిక ఒకటుంది. ఫిల్మ్ తలంలో ఈజీ యాక్సిస్ ఎటు తిరగాలో తేల్చేది ఒక దిశలోని స్ట్రెస్ కాదు, రెండు దిశల స్ట్రెస్‌ల మధ్య తేడా. సన్నటి రిబ్బన్ లాంటి ముక్కని వంచితే అది అడ్డంగా స్వేచ్ఛగా కుంచించుకుంటుంది, గుర్రపు జీను ఆకారంలో కాస్త తిరుగుతుంది కూడా. అప్పుడు 42 అన్న అంకె దాదాపు సరిపోతుంది. వెడల్పాటి ముక్కని పైపుకి అదిమి అంటిస్తే అడ్డంగా కదలనివ్వరు, అడ్డ దిశలో కూడా స్ట్రెస్ పుడుతుంది, తేడా తగ్గిపోతుంది, 42 కాస్తా 32 అవుతుంది. మీ ముక్క వెడల్పు ఆరు మిల్లీమీటర్లు, ఆ మందానికీ ఆ వంపుకీ అది వెడల్పాటి జాతే, కాబట్టి 32 వాడండి.

125 మైక్రాన్ల షీటుని వదిలేసి 50 మైక్రాన్లది తెచ్చుకోండి. లోపలి వ్యాసార్థం 10, 15, 20, 30 మిల్లీమీటర్లు ఉండేలా నాలుగు అచ్చులు చేయించుకోండి, త్రీడీ ప్రింటర్ ఉంటే సరే, లేకపోతే పీవీసీ పైపులే నయం, అయస్కాంతం కాదు, చవక. స్ట్రెయిన్ 0.25, 0.167, 0.125, 0.083 శాతం. అనిసోట్రపీ ఫీల్డు సుమారు 80, 53, 40, 27 మిల్లీటెస్లా రావాలి. వ్యాసార్థం విలోమానికి గ్రాఫ్ గీస్తే సరళరేఖ. ఆ రేఖ వాలు నుంచి లాంబ్డా వస్తుంది. రేఖ సున్నా గుండా పోకుండా పైనో కిందో తాకితే, అది చదునుగా ఉన్నప్పుడే ఫిల్మ్‌లో ఉన్న అనిసోట్రపీ. పెద్ద వంపు దగ్గర రేఖ వంగిపోతే ఫిల్మ్ లొంగిపోయిందో పగిలిందో అన్నమాట. మీ లాంబ్డా 34 కాకుండా 25 వస్తే కంగారు పడకండి, పల్చటి పొరలో మాడ్యులస్, లాంబ్డా రెండూ ముద్ద లోహం కంటే వేరేగా ఉండొచ్చు. 5 వస్తే మాత్రం టేపు జారుతోందేమో చూడండి. డబుల్ టేపు మెత్తన, దాని మందం కూడా వ్యాసార్థంలో లెక్కెయ్యాలి, బయటివైపైతే కలపాలి, లోపలివైపైతే తీసేయాలి.

రెండో మార్గం నాకు మరీ ఇష్టం. ఫిల్మ్ మీద అదే మందం కాప్టన్ ఇంకో ముక్క పెట్టి ఎపాక్సీతో అంటించేయండి. ఇప్పుడు నికెల్ సరిగ్గా మధ్యలో పడింది, వీపూ కాదు కడుపూ కాదు. వంచితే పైది సాగుతుంది, కిందది నలుగుతుంది, నికెల్‌కి స్ట్రెయిన్ దాదాపు సున్నా. కానీ వంపు ఆకారం అలాగే ఉంది. ఈ శాండ్‌విచ్‌ని మీ పాత పద్ధతిలోనే, చుట్టు దిశలో ఫీల్డు పెట్టి తీయండి. అప్పుడు కూడా లూప్ వాలితే అదంతా ఆకారమే, ఇక వాదన లేదు. ఎపాక్సీ పల్చగా, గట్టిగా ఉండాలి. జిగురు మందంగా మెత్తగా ఉంటే రెండు షీట్లూ ఒకదాని మీద ఒకటి జారి, ఎవరి దారిన వాళ్ళు వంగుతారు, నికెల్ మళ్ళీ ఒకదాని వీపు మీదికి పోతుంది. వంచితే పాడవకూడని సెన్సర్ చేయాలన్నా ఇదే ఉపాయం. ఆ పనికి పర్మలాయ్ లాంటిది వేసి మధ్యలో దాచడం, వంపునే కొలవాలంటే నికెలో ఐరన్ గాలియమో వేసి వీపు మీద పెట్టడం. కాప్టన్ మీద జయంట్ మాగ్నెటోరెసిస్టెన్స్ (ఫీల్డు పెడితే రెసిస్టెన్స్ బాగా మారే) పొరలు 1992లోనే పార్కిన్ వాళ్ళు వేసి చూపించారు, ఆలోచన కొత్తదేం కాదు.

మూడోది లెక్కతో చేసేది. బయటివైపు, లోపలివైపు ఒకే వ్యాసార్థం వచ్చేలా అచ్చులు చేస్తే, ఆకారం ప్రభావం రెండిట్లోనూ ఒకే గుర్తుతో వస్తుంది, స్ట్రెయిన్ ప్రభావం గుర్తు మారి వస్తుంది. రెండూ కూడి సగం చేస్తే ఆకారం, తీసేసి సగం చేస్తే స్ట్రెయిన్. అయితే ఇది అనిసోట్రపీకే పనికొస్తుంది. కోయర్సివిటీతో ఈ ఆట ఆడకండి. అది గింజల సరిహద్దులు, పగుళ్ళు, దుమ్ము, డొమైన్ గోడలు (వేర్వేరు దిశల్లో అయస్కాంతమైన ప్రాంతాల మధ్య హద్దులు) ఎక్కడ ఇరుక్కుంటాయి అన్నదాని మీద ఆధారపడిన కలగూరగంప. గైడు గారికి ఇష్టమని మీ గ్రాఫులన్నీ కోయర్సివిటీవే పెట్టారు, దయచేసి దాన్ని రెండో వరసకి నెట్టండి.

ఇక చదును చేసినా పాత లూప్ రాలేదన్న సంగతి. 0.5 శాతం అంటే కాగితం మీద ఒక గిగాపాస్కల్ స్ట్రెస్. నికెల్ పల్చటి పొర దాన్ని తట్టుకోవచ్చు, తట్టుకోకపోవచ్చు, అంచు మీద ఉంది. రెండు రకాలుగా పాడవుతుంది. పగలకుండా శాశ్వతంగా సాగిపోవచ్చు, లేదా పగలొచ్చు. మా పక్క ఆత్రేయపురం పూతరేకులు చుట్టడం చూసే ఉంటారు. కుండ మీంచి తీసిన రేకు ఎండితే వేలు తగిలినా పొడిపొడి, తడిగుడ్డతో కాస్త పదును చేశాకే మడతకి లొంగుతుంది. మీ నికెల్‌ని పదును చేసే తడిగుడ్డ లేదు, కానీ ఒక సంగతి ఉంది, కాప్టన్‌కి బాగా అతుక్కున్న పొర అంత తేలిగ్గా పగలదు, అతుకు ఊడిన చోటే మొదట చీలుతుంది. కాబట్టి నికెల్ కింద రెండు మూడు నానోమీటర్ల క్రోమియమో టైటానియమో వేశారా లేదా అన్నది పెద్ద తేడా. మీ పోస్టులో ఆ మాట లేదు.

పగిలిందో సాగిందో తెలుసుకోవడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం నెల రోజులు ఆగక్కర్లేదు, మల్టీమీటర్ చాలు. వంపు దిశలో రెసిస్టెన్స్ బాగా పెరిగి, అడ్డ దిశలో పెద్దగా మారకపోతే పగుళ్ళే, ఎందుకంటే పగుళ్ళు సాగదీతకి అడ్డంగా, పైపు పొడుగునా గీతల్లా పడతాయి, వంపు దిశలో పోయే కరెంటుకే అవి అడ్డం. లూప్ కూడా చెబుతుంది. బయటివైపు వంచినప్పుడు శాశ్వతంగా సాగిన పొరని చదును చేస్తే అది నొక్కుకుపోతుంది, నికెల్‌కి నొక్కిన దిశ ఇష్టం, కాబట్టి మిగిలిపోయిన ఈజీ యాక్సిస్ పాత వంపు దిశలో ఉంటుంది. పగిలితే దానికి అడ్డంగా: పొర సన్నటి పట్టీలైపోయి, ఒక్కో పట్టీ తన పొడుగు దిశని ఇష్టపడుతుంది. ఐదు మైక్రాన్ల పట్టీ అయితే మూడు నాలుగు మిల్లీటెస్లా మాత్రమే, చిన్నదే, కానీ కనబడుతుంది. చదును ముక్కని ప్రతి 15 డిగ్రీలకీ తిప్పి రెమనెన్స్ తీయండి, ఏ దిశో తెలిసిపోతుంది. అలాగే కాప్టన్ కూడా పైపు మీద వారం రోజులుంటే కాస్త వంపు పట్టేస్తుంది. బల్ల మీద పెట్టి కొసలు లేస్తున్నాయేమో చూశారా?

వానల సంగతి. దీన్ని మీరు పెద్దగా పట్టించుకోలేదు గానీ, గోదావరి లంకల్లో పుట్టినవాడిగా నాకు ఇదే ముందు అనుమానం వచ్చింది. కాప్టన్ నీళ్ళు పీల్చే రకం. గాలిలో తేమ ఒక్క శాతం పెరిగితే సుమారు 20 పీపీఎం ఉబ్బుతుంది. శ్రావణంలో మనవైపు తేమ 80 శాతం దాటడం మామూలు. నికెల్ వేసింది వాక్యూమ్‌లో, అక్కడ షీటు ఎండిపోయి ఉంది. బయటికి తీశాక 70 శాతం తేమ తాగిందనుకోండి, 0.14 శాతం ఉబ్బు. మీ వంపు స్ట్రెయిన్‌లో పావువంతుకి పైనే, ఏ పైపూ లేకుండానే! అయితే ఒక ఊరట: ఈ ఉబ్బు అన్ని దిశల్లో దాదాపు సమానం కాబట్టి తలంలో ఈజీ యాక్సిస్‌ని పెద్దగా తిప్పలేదు, రెండు దిశల తేడా దాదాపు సున్నా కదా. నికెల్‌ని తలం నుంచి పైకి లేపే వైపు కాస్త తోస్తుంది, లేపేంత బలం లేదు. కానీ మీరు టేపుతో రెండు కొసలూ బిగించారు. ఉబ్బిన షీటు మధ్యలో పైపు మీంచి లేచిపోతుంది, అక్కడ వంపు వ్యాసార్థం మీరు రాసుకున్నది కాదు. రెండు వారాల తర్వాతి తేడా ఇదేనని నేను పందెం కాయను గానీ, ముక్కల్ని సిలికా జెల్ వేసిన డెసికేటర్‌లో పెట్టి, కొలిచే రోజు గదిలో తేమ ఎంతో నోట్‌బుక్‌లో రాయండి. మా ల్యాబ్‌లో ఏసీ పనిచేయని జూలైలో తీసిన డేటా మొత్తం ఇలాగే పారేశాం.

షీటు కోసిన దిశ కూడా రాసుకోండి. కాప్టన్ అయినా పెట్ అయినా రోల్స్‌లో లాగి చేస్తారు, పొడుగు దిశ, అడ్డ దిశ ఒకేలా ఉండవు. పెట్ మరీను, 80 డిగ్రీలకే మెత్తబడిపోతుంది, నికెల్ వేస్తున్నప్పుడు వేడెక్కి ఒక దిశలో ఎక్కువ కుంచించుకుంటే, మీరు వంచకముందే ఈజీ యాక్సిస్ తయారు. ఆవిరి పద్ధతిలో వేసిన నికెల్ పుట్టుకతోనే లాగుడులో ఉంటుంది, అందుకే షీటు ఫిల్మ్ వైపుకి ముడుచుకుంటుంది. ఉక్కు స్కేళ్ళకి నికెల్ పూత పూస్తే అవి వంగిపోవడం చూసే స్టోనీ 1909లో తన సూత్రం రాశాడు. గాజు మీద, సిలికాన్ మీద దాన్ని వాడండి, కాప్టన్ లాంటి మెత్తటి షీటు మీద నేరుగా వాడితే అంకె తప్పొస్తుంది. కావాలంటే ఈ పుట్టు స్ట్రెస్‌ని వాడుకోవచ్చు కూడా: షీటుని ముందే బయటికి వంచి పెట్టి, దాని మీద నికెల్ వేసి, తర్వాత చదును చేస్తే ఫిల్మ్ నొక్కుకుని ఉంటుంది. కొలిచేటప్పుడు ముక్క చదునే కాబట్టి ఆకారం గొడవే ఉండదు. నిజానికి మీ ఛాంబర్ హోల్డర్‌లో చోటుంటే నేను ఇదే చేస్తాను.

గైడు గారితో ఎలా చెప్పాలా అని చివర్లో రాశారు. ఆయనతో వాదనకి దిగకండి. శాండ్‌విచ్ లూప్ ఒకటి, ఫిల్మ్ లోపల పెట్టి పొడుగు దిశలో తీసిన లూప్ ఒకటి, రెండూ ఒకే కాగితం మీద ప్రింట్ తీసి ఆయన బల్ల మీద పెట్టండి. పాత ముక్కలు పారేయొద్దు. ఈ వారమే వాటి రెసిస్టెన్స్ రెండు దిశల్లోనూ కొలిచి, కింద క్రోమియం పొర ఉందో లేదో కూడా కలిపి ఇక్కడ పెట్టండి, చూస్తాను. చెరువుల పని ఉంది కాబట్టి సమాధానం రాత్రి పూటే ఇవ్వగలను.